యాభై కిలోల గుల్లకి ఇరవై ఎనిమిది

నా బట్టీలో సున్నం ఎక్కువ దిగుతుందని చుట్టుపక్కల ఊళ్లలో నాకు పేరుండేది. ఆ పేరు పోయి ఏడాదైంది. అదెలా పోయిందో, పోయినందుకు నేనెందుకు తలెత్తుకు తిరుగుతున్నానో రాద్దామని కూర్చున్నాను. నా రాత నిదానం. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు మరి. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. తప్పులుంటే మా కోడలు దిద్దుతుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే.

మాది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. మగవాళ్లు వేటకి పోతారు. నా కొడుకు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. మా ఇంటికి వేట కాక ఇంకో పని ఉంది, గుల్ల సున్నం కాల్చడం. ఏరు సముద్రంలో కలిసే చోట బురదలో గుల్లలు దొరుకుతాయి. లోపలి మాంసం తీసేశాక మిగిలిన చిప్పల్ని కడిగి, ఎండబెట్టి, బట్టీలో కాలుస్తాం. బట్టీ అంటే పెద్దదేం కాదు. నా నడుమెత్తు గుండ్రటి ఇటుక గోడ, అడుగున గాలికి రెండు కన్నాలు. ఒక వరస సరుగుడు బొగ్గు, ఒక వరస గుల్ల, మళ్లీ బొగ్గు, మళ్లీ గుల్ల. పొద్దున్నే అంటిస్తే మర్నాటి పొద్దుటికి చల్లారుతుంది. కాలిన గుల్లని బూడిదలోంచి చేత్తో ఏరి తూకం వేస్తాం. తరవాత నీళ్లు చల్లితే బుసబుసమని పొంగి పిండిలా విచ్చుకుంటుంది. దాన్ని జల్లెడ పట్టి అమ్ముతాం. వెల్లకీ, రొయ్యల చెరువులకీ, కిళ్లీ కొట్లకీ పోతుంది. జల్లెడలో మిగిలిన గట్టి ముక్కల్ని వానకాలం కాలు దిగకుండా ఇంటి నుంచి బట్టీ దాకా దారిలో పోసుకుంటాం. మా దారి మిగతా వాళ్ల దారులకంటే జానెడు ఎత్తు, చక్కగా తెల్లగా ఉంటుంది. అది చూసుకుని కూడా నేను మురిసిపోయేదాన్ని.

యాభై కిలోల గుల్ల బస్తా కాలిస్తే పక్క బట్టీల వాళ్లకి ఇరవై ఎనిమిది, ఎక్కువైతే ఇరవై తొమ్మిది కిలోలు దిగేది. నాకు ముప్పై ఒకటికి తక్కువ దిగేది కాదు. "నీ సెయ్యే సెయ్యి అప్పా" అనేవారు, అప్ప అంటే మాకు అక్క. నేను కాదనలేదు. నలభై ఏళ్లు కాదనలేదు.

ఇక కోడలి సంగతి. ఆమె మా ఇంటికి వచ్చేనాటికి పదో తరగతిలో సైన్సు ఒక్కటే తప్పి ఉంది. వచ్చిన నెలకి, మళ్లీ రాయడానికి హాల్‌టికెట్ వచ్చింది. దాన్ని పట్టుకొచ్చి నా ముందు నిలబడింది. బట్టీ పని జోరుగా ఉన్న కాలం అది. "సున్నం కాల్సడానికి సైన్సెందుకే" అన్నాను. ఆమె లోపలికి పోయింది. పరీక్ష రోజు వచ్చింది, పోయింది. ఆ సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొన్నేళ్లకి ఒక రోజు పొదుపు సంఘం మీటింగులో వేలిముద్ర వేసి ఇంటికొచ్చాను. బొటనవేలి సిరా బట్టీ గోడకి రాస్తుంటే కోడలు చూసి, "అత్తా, పేరు రాయడం నేర్సుకుందువు గాని, రా" అంది. బట్టీ గోడ మసిపట్టి నల్లగా ఉంటుంది. సున్నపు ముక్కతో దాని మీద నా పేరు రాసి చూపించింది. అలా మొదలైంది. ఆ గోడే నా పలక. ఏడాదిన్నర పట్టింది. అందరితో ఓపికగా ఉండే మనిషి కాదు నేను. నాతో ఓపికగా ఉండగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

చదవడం వచ్చాక కనబడ్డ కాగితమల్లా చదివేదాన్ని. సబ్బు మీద కాగితం, బస్సు మీద బోర్డు, కరెంటు స్తంభం మీద అంకెలు. ఒక మధ్యాహ్నం ఆమె పెట్టెలో నా ముతక చీర వెతుకుతుంటే అడుగున ఒక కాగితం దొరికింది. కూడబలుక్కుని చదివాను. ముందు ఆమె పేరు. కింద వాళ్ల నాన్న పేరు. దాని కింద "భౌతిక శాస్త్రం". పక్కన ఫొటోలో రెండు జడలు వేసుకున్న పిల్ల. పదేళ్ల కిందట నా ముందు పట్టుకుని నిలబడ్డ కాగితం అదే. చీర వెతకడం మానేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆమెతో అన్నాను, "ఒసే, పరీచ్చ కట్టు."

"ఇప్పుడెందుకత్తా?"

"నాను కట్టమంటన్నాను. కట్టు."

అప్పటికి ఆమె మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. పిల్లలకి వండిపెట్టడం, ఊడ్చడం, పాటలు పాడించడం. నిజానికి టీచరు పనిలో సగం ఆమే చేసేది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. మిగతావన్నీ గట్టెక్కాయి, సైన్సు మళ్లీ తప్పింది. ఈలోగా కబురొచ్చింది. అంగన్‌వాడీ టీచరు ఎండాకాలం దాటాక దిగిపోతుంది, పదో తరగతి పాసైన ఆయా ఉంటే ముందు ఆమెకే అవకాశం ఇస్తారు, లేకపోతే బయటివాళ్లని వేస్తారు. అంటే ఇంకొక్క పరీక్ష ఉంది. అది తప్పితే ఆయా ఆయాగానే మిగిలిపోతుంది. దానికి కారణం ఎవరో ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు.

ఆమెకి కొరుకుడు పడనిది ఒకటే పాఠం. తుల్య సమీకరణాలు, వాటి నుంచి మోలు నిష్పత్తులు. ఇంత పదార్థం తీసుకుంటే అంత పదార్థం ఎంత వస్తుంది అనే లెక్కలు. పోయినసారి ఆ ప్రశ్నలన్నీ వదిలేసి వచ్చిందట.

ఒక రోజు అరుగు మీద పుస్తకం పెట్టుకుని, "అత్తా, ఇది మన బట్టీ గురించే" అంది.

"ఏటుందో సదువు."

"కాల్షియం కార్బొనేటుని బాగా కాల్సితే కాల్షియం ఆక్సైడూ, కార్బన్ డయాక్సైడూ వస్తాయట. గుల్ల కాలితే సున్నమూ గాలీ అన్నమాట."

"సరే. ఎంత గుల్లకి ఎంత సున్నం?"

"ఒకటికి ఒకటి. ఇదిగో, ముందర అంకె ఏటీ నేదు కదా. నేకపోతే ఒకటనుకోవాల. పది కిలోల గుల్లకి పది కిలోల సున్నం."

"నీ మొగం. పదికి పది దిగితే మరి గాలి ఎక్కడినుంచొచ్చినాది?"

ఆమె పుస్తకం వంక చూసింది, నా వంక చూసింది. "పుస్తకంలో ఒకటికి ఒకటనే ఉన్నాది అత్తా."

"అయితే పుస్తకం తప్పు. నలభై ఏళ్లబట్టీ కాలుస్తన్నాను, నాకు తెలవదేటి."

గోడకి జారబడి వల అల్లుతున్న మా ఆయన నవ్వాడు. "పెబుత్వం పుస్తకం కూడా తప్పయిపోనాదేటే నీ దగ్గిర?"

"నువ్వు వల సూసుకో."

ఆదివారం ఆమెకి శ్రీకాకుళంలో క్లాసు. అరసవల్లి కిళ్లీ కొట్లకి సున్నం పొట్లాలు ఇవ్వాల్సిన పని నాకూ ఉంది. ఇద్దరం కలిసి బస్సెక్కాం. పొట్లాలు ఇచ్చేసి నేరుగా క్లాసుకి పోయాను. గదిలో పదిహేను మంది దాకా ఉన్నారు. ఆటో తోలేవాళ్లు, పిల్లల తల్లులు. మాస్టారు కుర్రాడే, గొంతు పోయి ఉంది. నన్ను చూసి, "మీరూ కడతారామ్మా పరీక్ష?" అన్నాడు.

"నాను సదవడానికి రానేదు బాబూ. మీ పుస్తకం తప్పని సెప్పడానికొచ్చినాను."

గదంతా నవ్వింది. కోడలు తల దించుకుంది. మాస్టారు నవ్వలేదు. "ఎక్కడమ్మా తప్పు?" అని సుద్దముక్క నా చేతికిచ్చాడు. నేను బోర్డు మీద గుల్ల అని రాసి, బాణం వేసి, సున్నం అని రాశాను. "మీరు ఒకటికి ఒకటంటన్నారు. బట్టీలో అలగ దిగదు."

"మీకెంత దిగుతుంది?"

"యాభై కిలోలకి ముప్పై ఒకటి."

"ఇరవై ఎనిమిది రావాలే" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"అది సేతకానోళ్లకి" అన్నాను. గది మళ్లీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

అప్పుడాయన చెప్పాడు. సమీకరణంలో ముందుండే అంకె తూకం కాదట, లెక్కట. ఎన్ని కణాలకి ఎన్ని కణాలు అన్నదట. కణాలు కంటికి కనబడవు కాబట్టి ఆరొందల కోట్ల కోట్ల కోట్ల కణాల్ని ఒక మోల్ అంటారట, మనం పన్నెండింటిని డజను అన్నట్టు. ఒక మోల్ కాల్షియం కార్బొనేటు వంద గ్రాములు, ఒక మోల్ సున్నం యాభై ఆరు, ఒక మోల్ గాలి నలభై నాలుగు. మూడూ ఒక్కొక్క మోలే, బరువులే వేరు. "వంద కిలోల గుల్లకి యాభై ఆరు కిలోల సున్నం. అందుకే యాభైకి ఇరవై ఎనిమిది అన్నాను."

అంకెలు బుర్రకెక్కాయి గాని సంగతి ఎక్కలేదు. లెక్క ఒకటే, బరువు వేరు అంటే ఏమిటో నాకు కళ్లకి కట్టలేదు. బస్సులో కోడల్ని అడిగాను. "నాకూ తెలవనేదత్తా" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పరీక్షకి నెల్లాళ్లు కూడా లేదు.

మర్నాడు పొద్దున్న బట్టీ విప్పాను. బూడిదలోంచి కాలిన గుల్లల్ని ఏరి తట్టలో వేస్తున్నాను. నా జన్మలో ఎన్ని లక్షల గుల్లలు ఏరి ఉంటానో. ఒక గుల్ల చేతిలో పట్టుకుని అలా ఉండిపోయాను. కాలిన గుల్ల గుల్లలాగే ఉంటుంది. ఆకారం పోదు, వీపు మీద గీతలు కూడా పోవు. తేలికైపోతుంది, అంతే.

"ఒసే, ఇలగ రా" అని కేకేశాను. పిండి చేతులతో వచ్చింది. "పచ్చి గుల్లలు ఇరవై లెక్కెట్టి తే. ఒకే సైజువి."

తెచ్చింది. అదే సైజు కాలిన గుల్లలు ఇరవై నేను లెక్కపెట్టాను. రెండు కుప్పలూ పక్కపక్కన పెట్టాం.

"బట్టీలో ఇరవై ఏసినాం. ఎన్ని తీసినాం?"

"ఇరవై."

"ఒకటికి ఒకటేనా?"

"ఒకటికి ఒకటే."

"ఇప్పుడు తూకం ఏసి సూడు."

చేప తూకం వేసే చిన్న తక్కెడలో ఒక పక్క పచ్చివి, ఒక పక్క కాలినవి వేసింది. పచ్చి గుల్లల పళ్లెం దబ్బున కిందికి దిగింది. ఆమె ఆ తక్కెడని అలాగే పట్టుకుని, పెదాలు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుంది. తరవాత అంది, "లెక్క మారనేదు. తూకం మారినాది. గాలి పోనాది కదా మరి."

"పుస్తకం తప్పు కాదే" అన్నాను. ఆ మాట అనడం నాకు సులువు కాలేదు. ఇంకా సులువు కాని మాట తరవాత అనవలసి వచ్చింది.

ఒకటికి ఒకటి అర్థమయ్యాక రెండుకి ఒకటి దగ్గర మళ్లీ చిక్కుపడింది. రెండు మెగ్నీషియం, ఒక ఆక్సిజన్ కలిస్తే రెండు మెగ్నీషియం ఆక్సైడ్. దానికి తాంబూలం పళ్లెం ముందు పెట్టాను. ఎవరికి తాంబూలం ఇచ్చినా రెండాకులు, ఒక వక్క. మా ఇళ్లలో పేరంటానికి ఆకులు తక్కువైతే వక్కలు తగ్గిస్తాం గాని, ఒక్క ఆకుతో ఎవరికీ ఇవ్వం.

"నలభై ఆకులున్నాయి. వక్కలెన్ని గావాల?"

"ఇరవై."

"ఎలగ సెప్పినావు? తూకం ఏసినావేటి?"

"నేదు, లెక్కే. సగం."

"ఆకులు పావు కిలో ఉన్నాయి. వక్కలు అరపావు తెస్తే సరిపోతాయేటి?"

ఒక వక్క తీసి చేతిలో తూచి చూసింది. ఆకు తేలిక, వక్క బరువు. తూకాన్ని సగం చేస్తే చాలదు. ముందు పావు కిలోకి ఎన్ని ఆకులో లెక్క కట్టాలి. ఆకుల్లో సగం వక్కలు. ఆ వక్కలు ఎంత తూగుతాయో అప్పుడు తూకం వెయ్యాలి. ఆ రోజు నుంచి లెక్క ఏదైనా ఆమె నోట్లో ఒకటే పాట. తూకంలోంచి లెక్క, లెక్కకి జత, జతలోంచి మళ్లీ తూకం. పిల్లలకి ఉప్మా కలుపుతూ కూడా అదే గొణిగేదట. అంగన్‌వాడీ పిల్లలు దాన్ని పాటనుకుని వల్లించడం మొదలుపెట్టారు.

మా ఆయన అంటూనే ఉన్నాడు. "అత్తా కోడళ్లు ఇద్దరూ ఇలగ సదువులో పడితే గుల్లలు ఎవులేరతారే?"

"నువ్వున్నావు కదా. నీకేటి నడుం వంగదేటి?"

పాపం ఏరాడు. ఆ మాట రాయాలి.

పరీక్షకి పన్నెండు రోజులుందనగా కోడలే అంది. "అత్తా, ఒకపాలి నిజంగా సూద్దుమా? యాభై కిలోలు సరిగ్గా తూసి కాలుద్దుం. నాను ముందే రాసి పెడతాను ఎంత రావాలో."

ఎండిన గుల్ల యాభై కిలోలు మా ఆయన కాటా మీద తూచాడు. ఆమె బట్టీ గోడ మీద, నాకు అక్షరాలు నేర్పిన చోటే, సున్నపు ముక్కతో 28 అని రాసింది. నాకు లోపల కొంచెం గుచ్చుకుంది. నా బట్టీ మీద ఇరవై ఎనిమిది అని ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

మర్నాడు బట్టీ విప్పి ఏరాం. చల్లారగానే తూచాలి, ఆలస్యమైతే గాలిలో తేమ లాగి బరువెక్కుతుంది. కాటా మీద పెట్టాడు. ముప్పై ఒకటి.

మా ఆయన తొడ చరిచాడు. "సూసినావేటే పిల్లా, మీ అత్త సెయ్యి. పుస్తకాలోళ్లకి తెలుస్తాదేటి ఇది."

కోడలు గోడ వైపు నడిచింది. చెంగుతో ఆ 28ని తుడవబోయింది. ఆమె మొహం చూశాను. అది ఓడిపోయిన మొహం కూడా కాదు. ఇదంతా మనకి సంబంధించింది కాదు అనుకున్నప్పుడు మనుషులకి వచ్చే మొహం. హాల్‌టికెట్ పట్టుకుని లోపలికి పోయిన రోజు కూడా అదే మొహం. నేను ఊరుకుంటే సరిపోయేది. నా పేరు నాకుండేది. ఆ లెక్కలు ఉత్తవి అన్న మనసుతో ఆమె పరీక్షకి పోయేది.

కాని నా చేతికి ఒక సంగతి తెలుసు. ఏరేటప్పుడు పడమటి వైపు గుల్లలు కొన్ని చేతికి బరువుగా తగిలాయి. బాగా కాలిన గుల్ల ఎండుటాకులా ఉంటుంది. ఇవి అలా లేవు. ఆ రోజు ఒక్కటే కాదు. ప్రతిసారీ ఆ వైపు అలాగే తగిలేవి. సముద్రపు గాలి తూర్పు కన్నంలోంచి దూరుతుంది, పడమటి మూలకి అందదు. నలభై ఏళ్లుగా నా చేయి నాకు చెబుతూనే ఉంది. నేనే వినలేదు, బరువు ఎక్కువ తూగుతోంది కదా అని.

"తుడవకు" అన్నాను. "నీ లెక్క తప్పు కాదు. నా బట్టీ తప్పు."

ఇద్దరూ నా వంక చూశారు.

"మూడు కిలోలు ఎక్కువొచ్చినాది కదా. అదేటో నీ లెక్కతో సెప్పగలవేటి?"

ఆమె బట్టీ పక్కనున్న మెట్టు మీద కూర్చుంది. పుస్తకం తెరవలేదు. అలాంటి లెక్క పుస్తకంలో లేదు కూడా. కాసేపటికి నిదానంగా మొదలుపెట్టింది. "ఎక్కువొచ్చింది సున్నం కాదత్తా. పోవాల్సిన గాలి. పోకుండా గుల్లలోనే ఉండిపోనాది. మూడు కిలోల గాలి. నలభై నాలుగు గాలికి వంద గుల్ల. మూడుకి..." గోడ మీద రాసుకుంటూ పోయింది. భాగహారం దగ్గర ఒకసారి తప్పింది, చెరిపి మళ్లీ చేసింది. "ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అంత గుల్ల కాలనేదు."

"అయితే నీళ్లు సల్లి సూద్దుం."

నీళ్లు చల్లాం. కాలినవి బుసకొట్టి విచ్చుకున్నాయి. కాలనివి ఆ పిండిలో గుల్లలు గుల్లలుగానే ఉండిపోయాయి. జల్లెడ పట్టాను. ఎప్పుడూ అయితే ఆ ముక్కల్ని తీసుకెళ్లి దారిలో పోసేదాన్ని. ఆ రోజు కడిగి, గోనె మీద ఎండకి పరిచాం. మర్నాడు బాగా ఎండాక మా ఆయనే తూచాడు. కాటా వంక చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూశాడు.

"ఎంత?" అన్నాను.

"ఆరు కిలోల ఆరొందలు."

తగ్గిన రెండొందల గ్రాములూ పొడై జల్లెడలోంచి జారిపోయి ఉంటాయి. బట్టీలో ఏం జరిగిందో, ఎక్కడా చెయ్యి పెట్టకుండా, మెట్టు మీద కూర్చుని చెప్పేసింది నా కోడలు. నలభై ఏళ్లు బూడిదలో చేతులు పెట్టిన నేను ఒప్పుకోని సంగతి. ఇంటి నుంచి బట్టీ దాకా ఉన్న మా తెల్లటి దారిని అప్పుడు చూశాను. జానెడు ఎత్తు. అదంతా నా పేరు.

సిగ్గేసిందా అంటే వేసింది. కాని అబద్ధం రాయను, ఆ సిగ్గు ఒక్క పూటే. ఆ మధ్యాహ్నం వదిన వరసయ్యే పొరుగామె వచ్చి, ఎండలో ఆ గుల్లలేమిటని అడిగితే నేనే మొత్తం చెప్పాను. నా బట్టీలో అన్నాళ్లూ ఎక్కువ తూగింది సున్నం కాదని కూడా చెప్పాను.

"ఓలమ్మా, నీ నోటితో నువ్వే సెప్పుకుంటన్నావేటి?" అంది.

"మా కోడలు కనిపెట్టినాదే. సెప్పుకోకపోతే ఎలగ?"

మా ఆయన పడమటి వైపు ఇటుక తీసి మూడో కన్నం పెట్టాడు. పరీక్ష రోజు నేనే ఆమె వెంట శ్రీకాకుళం వెళ్లాను. గేటు దాకా వెళ్లి నిలబడ్డాను. అందరూ లోపలికి పోయాక కూడా ఎండలో అక్కడే ఉన్నాను. పదేళ్ల కిందట చెయ్యాల్సిన పని అది.

బయటికి వచ్చాక ఆటో తోలే ఒకతను, క్లాసులో ఆ రోజు నా మాటకి అందరికంటే గట్టిగా నవ్వినవాడే, కోడల్ని అడిగాడు. "ఆ మెగ్నీషియం లెక్కకి నువ్వేటి రాసినావు? నలభై ఎనిమిది గ్రాములకి ఆక్సిజన్ ఎంత అన్నాడు కదా. రెండుకి ఒకటి. నాను సగం సేసి ఇరవై నాలుగు రాసీసినాను."

"ముప్పై రెండు."

"అదెలగ?"

ఆమె నా వంక చూసి నవ్వింది. "ఆకుల్ని సగం సేయాల. తూకాన్ని కాదు."

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఆమె అక్కడే, గేటు పక్కన గోడ నీడలో, కాగితం వెనక రాసి చూపించింది. నలభై ఎనిమిది గ్రాములంటే రెండు మోల్స్. రెండుకి ఒకటి కాబట్టి ఆక్సిజన్ ఒక మోల్. ఒక మోల్ ముప్పై రెండు గ్రాములు. ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు. బస్సు ఒకటి తప్పిపోయింది. నేను తొందరపెట్టలేదు. నన్ను కూర్చోబెట్టి అ ఆ ఇ ఈ రాయించిన గొంతు అదే.

ఫలితాలు ఫోన్లో వచ్చాయి. ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే సదువు అత్తా" అంది. అక్షరాలు చిన్నవి. కూడబలుక్కుని చదివాను. ముందు ఆమె పేరు. కింద వాళ్ల నాన్న పేరు. ఆ కింద విజ్ఞాన శాస్త్రం. పక్కన పాస్ అని. ఆ ముక్క రెండుసార్లు చదివాను. రెండోసారి వీధిలోకి వినబడేటట్టు చదివాను. ఆ సాయంత్రం గుజరాత్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే కోడలికి ఇవ్వకుండా ముందు నేనే మాట్లాడాను.

టీచరు దిగిపోయిన రెండు నెలలకి ఆర్డరు వచ్చింది. ఇప్పుడామె మా ఊరి అంగన్‌వాడీ టీచరు. మొదటి రోజు నీలం చీర కట్టుకుని పోతుంటే మా తెల్లటి దారి మీదే నడిచి పోయింది.

ఈ ఏడాది ఆ దారి మీద కొత్త ముక్కలు పెద్దగా పడలేదు. పడమటి మూల కూడా కాలుతోంది. మొన్న రొయ్యల చెరువుల తాలూకు మనిషి, పాత బేరగాడు, వచ్చి తూకం చూసి మొహం చిట్లించాడు. "ఏటమ్మా, నీ బట్టీలో కూడా ఇరవై ఎనిమిదేనా? ముప్పై ఒకటి దిగీది కదా. సెయ్యి తగ్గిపోనాదేటి?"

"తగ్గనేదు. కుదిరినాది" అన్నాను. "యాభైకి ఇరవై ఎనిమిది. అంతకి ఎక్కువ దిగినాదని ఎవులు సెప్పినా నమ్మకు, అందులో పచ్చి గుల్ల ఉన్నాదని లెక్క."

"ఎవులు సెప్పినారు నీకు?"

"మా కోడలు. అంగన్‌వాడీలో ఉంటాది, ఎల్లి అడుగు. పిల్లలు పడుకున్నాక ఎల్లు."